‘బాగానే ఉన్నానండీ’ సాక్ష్యం కాదు

నన్ను ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తన డాక్టర్ల ప్యానెల్ నుంచి తీసేసింది. కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. అదేమిటో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. తోటి డాక్టర్లు కొందరు పాపం జాలిపడ్డారు. "ఎందుకండీ ఈ వయసులో గొడవలు? వాళ్ళు పంపినవాళ్ళని చూసి రిపోర్టులు రాసుకుంటూ ప్రశాంతంగా ఉండక" అన్నారు. ప్రశాంతతే కావాలంటే ఇంట్లో ఆవకాయ కలుపుకుంటూ కూర్చునేదాన్ని. ఎముకల డాక్టరు చదువు దేనికి?

నా సర్వీసు చాలావరకు నూజివీడు చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడిచింది. మొదట్లో "ఎముకలకి ఆడ డాక్టరేంటి, లాగి కట్టు కట్టడానికి బలం సరిపోద్దా" అన్నవాళ్ళున్నారు. నా చేత కట్టించుకున్నాక మళ్ళీ అనలేదు. రిటైరయ్యాక కోర్టులూ కంపెనీలూ పంపిన మనుషుల్ని పరీక్షించి రిపోర్టులు ఇచ్చాను. దీనికి స్వతంత్ర వైద్య పరీక్ష అని పెద్ద పేరు. దెబ్బ తగిలినవాడికి వైద్యం చేసిన డాక్టరు కాకుండా, ఏ పక్షానికీ చెందని మరో డాక్టరు చూసి, దెబ్బ ఎంత, ఆ మనిషి ఇక పని చేసుకోగలడా లేదా అన్నది చెప్పాలి. ఏ పక్షానికీ చెందని అన్నది కాగితం మీద మాట. ఫీజు మాత్రం ఒక పక్షమే ఇస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ మీకెందుకు, అవి నాకే గుర్తులేవు. గుర్తున్నవి చెబుతాను. నచ్చకపోతే చదవడం మానేయండి, నేనేం అనుకోను.

నేను నీ డాక్టర్ని కాను

మామూలుగా మనిషి డాక్టరు దగ్గరికి తన బాధ పోగొట్టుకోవడానికి వస్తాడు. ఈ పరీక్షకి మాత్రం ఎవరో పంపితే వస్తాడు. ఆ తేడా అతనికి తెలియదు. తెల్లకోటు కనిపిస్తే చాలు, మందిస్తారనుకుని కడుపులో ఉన్నదంతా చెప్పేస్తాడు. తాగుడు సంగతి, ఎప్పటిదో పాత దెబ్బ సంగతి, ఇంట్లో గొడవ సంగతి. వాటన్నిటినీ గుట్టుగా రాసుకుని కంపెనీకి పంపిస్తే ఎవరూ మిమ్మల్ని పట్టుకోకపోవచ్చు. నేను మాత్రం దాన్ని దొంగతనమే అంటాను.

అందుకని ముందే చెప్పాలి. నేను చెప్పే మాటలివి: "అమ్మా, నేను నీకు వైద్యం చెయ్యడానికి కూర్చోలేదు. నిన్ను చూడమని నాకు చెప్పింది కంపెనీవాళ్ళు. నువ్వు చెప్పింది, నేను చూసింది రాసి పంపిస్తాను. కోర్టులో అందరూ చదువుతారు. చెప్పడం ఇష్టం లేనిది చెప్పకు. నొప్పి పుడితే ఆపమను, ఆపేస్తాను. నువ్వు సరేనంటేనే చెయ్యి వేస్తాను." ఇట్లా చెబితే మనిషి బిగుసుకుపోతాడు, నిజం బయటికి రాదు అని వాదించే డాక్టర్లున్నారు. అట్లా బిగుసుకుపోయినవాళ్ళని నేనైతే చూడలేదు. అంతా శ్రద్ధగా విని, "సరేనండీ, మరి నడుం నొప్పికేమైనా రాస్తారా" అని అడిగినవాళ్ళనే చూశాను. రాయను. ఎక్కడికి వెళ్ళి చూపించుకోవాలో చెబుతాను. అయితే పరీక్షలో ప్రాణం మీదకి వచ్చేది ఏదైనా కంటబడితే, నేను నీ డాక్టర్ని కానని చేతులు దులుపుకోకండి. అప్పటికప్పుడు విప్పి చెప్పి ఆసుపత్రికి పంపండి. కంపెనీకి చెప్పడం తర్వాత సంగతి.

ఈ పద్ధతి నాకు నేర్పింది నా మొదటి సూపరింటెండెంటు. ఆయనకి కోపం ఎక్కువ, మందులు సరిగ్గా సర్దకపోతే నర్సులనీ మమ్మల్నీ కలిపి తిట్టేవారు. ఆయనతో నాకు పడేది కాదు. కానీ ఒకరోజు చెట్టు మీద నుంచి పడ్డ ఒక కూలిని పరీక్షిస్తుంటే, తోట గుత్తకి తీసుకున్న ఆసామి కూడా లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సూపరింటెండెంటు తలెత్తి, "తమరు బయట కూర్చోండి" అన్నారు.

"నేనే తీసుకొచ్చానండీ వీణ్ణి" అన్నాడు ఆసామి.

"అందుకే బయట కూర్చోమంటున్నా."

ఆసామి వెళ్ళాక ఆ కూలి మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతవరకూ అతను మూగవాడేమోననుకున్నాను. తీసుకొచ్చినవాణ్ణి గదిలో కూర్చోబెట్టుకుని పరీక్ష చెయ్యకూడదని ఆ రోజు తెలిసింది. తర్వాత ఎంత పెద్దవాళ్ళొచ్చినా బయటే కూర్చోబెట్టాను. ఆడవాళ్ళని చూసేటప్పుడు వాళ్ళకి నచ్చిన మనిషిని తోడుగా ఉంచాను, మగ డాక్టర్లు ఇది మరీ ఖాయంగా పాటించాలి.

రత్తమ్మ భుజం

ఇక అసలు కేసు. రత్తమ్మది విస్సన్నపేట దగ్గర పల్లె. వేసవిలో మామిడి తోటల్లో కూలి ముఠాతో పని. మగవాళ్ళు కాయలు కోస్తే ఆడవాళ్ళు ఏరి, సొన తుడిచి, ప్లాస్టిక్ ట్రేలకి సర్ది వ్యానుకి అందిస్తారు. వానలు పడ్డాక వరినాట్లు. ఒకరోజు ముఠాని తోటకి తీసుకెళ్తున్న వ్యాన్ తిరగబడి ఆమె కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది.

మరుసటి సీజన్‌కి మేస్త్రీ ఆమెని ముఠాలో పెట్టుకోలేదు. "చెయ్యి బాగయ్యాక రావే" అన్నాడు. నష్టపరిహారం కోసం కోర్టుకి వెళితే, చెయ్యి బాగానే ఉంది, పని చేసుకోగలదు అని ఆ వ్యానుకి ఇన్సూరెన్స్ చేసిన కంపెనీ అంది. పని ఇచ్చేవాడేమో పనికిరావంటాడు, పరిహారం ఇవ్వాల్సినవాడేమో పనికొస్తావంటాడు. ఆమెకి భర్త లేడు. తోడికోడలు సుబ్బులు కూలికి పోయి తెచ్చినదాంట్లో ఇద్దరూ తింటున్నారు. కోర్టులో ఓడిపోతే ఆమె బతుకంతా అట్లా ఒకరి కూడు తినడమే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకుని చదవండి.

కంపెనీ పంపిన మొదటి డాక్టరు రిపోర్టు నేను చదివాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగు చేసి చెబుతున్నాను. ఎలా ఉన్నారని అడగగా బాగానే ఉన్నానని ఆమె స్వయంగా తెలిపింది. శుభ్రమైన చీర సక్రమంగా కట్టుకుని, జడ వేసుకుని వచ్చింది. ఎత్తమన్న వెంటనే కుడి చెయ్యి తలపైకి ఎత్తింది. పనికి అర్హురాలు. అంతే!

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఆ డాక్టరు డబ్బు తిని రాశాడనుకుంటే నాకు సులువయ్యేది. అతను ఏమీ తినలేదు. అడిగాడు, విన్నాడు, చూశాడు, రాశాడు. మన ఊళ్ళో పలకరింపుగా అన్న మాట ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి వాంగ్మూలమైపోయింది. అతనూ ఇక్కడివాడే. వాళ్ళ అత్తగారు ఫోన్‌లో "ఎలా ఉన్నావు బాబూ" అంటే జ్వరంతో మూలుగుతూ కూడా "బాగానే ఉన్నానండీ" అనే ఉంటాడు. రిపోర్టు రాయడానికి కూర్చోగానే ఆ తెలుగంతా ఎక్కడికి పోయిందో!

రత్తమ్మ లాయరు ఆ రిపోర్టుని ఒప్పుకోకపోవడంతో కోర్టు మరో పరీక్షకి ఆదేశించింది. కంపెనీ ఇచ్చిన పేర్లలో నా పేరుంది. గవర్నమెంటు డాక్టరుగా చేసిన మనిషి కదా అని ఆమె లాయరూ సరేనన్నాడు. మరునాడే కంపెనీ మేనేజరు ఫోన్ చేశారు. "మేడమ్, చిన్న ఫార్మాలిటీ అండీ. మొదటి రిపోర్టు పంపిస్తున్నాను, మీరు కన్ఫర్మ్ చేస్తే చాలు."

"కన్ఫర్మ్ చెయ్యడానికి నేనెందుకండీ? జిరాక్స్ తీయించుకుంటే సరిపోద్ది కదా" అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. జోకనుకున్నారు.

చీర ఎవరు కట్టారు

రత్తమ్మ సుబ్బులుతో కలిసి వచ్చింది. ఉతికి మడత పెట్టిన చీర, నూనె రాసి దువ్విన తల, జడలో మల్లెపూలు కూడా. గుమ్మం దగ్గరే రెండు చేతులూ జోడించబోయింది. కుడి చెయ్యి సగంలో ఆగింది, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని పైకి తెచ్చి నమస్కారం పూర్తి చేసింది. పరీక్ష నాకు అక్కడే మొదలైపోయింది.

"ఎట్టా ఉన్నావు రత్తమ్మా?"

"బాగానే ఉన్నానండీ. తమరు బాగున్నారాండీ?"

"బాగానే ఉన్నాను" అన్నాను. నాకు మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి.

నేను చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాను, ఆమె సరేనంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్న వెయ్యలేదు. కొత్తగా వచ్చే డాక్టర్లూ, ఇది రాసిపెట్టుకోండి. మన దగ్గర ఆ ప్రశ్నకి జవాబు పుట్టినప్పట్నుంచీ ఒకటే. దానికి బదులు నిన్న ఏం చేశావో చెప్పమన్నాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా.

లేచానండీ, మొహం కడుక్కున్నానండీ అంటూ మొదలుపెట్టింది. తల ఎవరు దువ్వారు? సుబ్బులు. బిందె ఎవరు ఎత్తారు? సుబ్బులు. అన్నం ఏ చేత్తో తిన్నావు? కుడి చేత్తోనేనండీ, ఎడం చేత్తో తింటారా ఏంటండీ. మోచెయ్యి ఎక్కడ పెట్టుకున్నావు? మోకాలి మీద. అక్కడ చెయ్యి ఆన్చుకుని, తలే కిందికి వంచి తింటోంది.

"మరి ఈ చీర?"

"సుబ్బులే కట్టిందండీ. ఇంటి దగ్గర నైటీ తొడుక్కుని ఉంటానండీ. డాక్టరుగారి దగ్గరికి నలిగిన గుడ్డలతో వస్తే ఏం మర్యాదండీ?"

"ముందు చూసిన డాక్టరుగారికి ఈ మాట చెప్పావా?"

"ఆయన అడగలేదు కదండీ. చీర ఎవరు కట్టారని మగాయన ఎట్టా అడుగుతాడండీ?"

ఇక్కడ సుబ్బులు ఉండబట్టలేక అందుకుంది. "మా లాయరుగారు చెప్పారండీ, చెయ్యెత్తమంటే ఎత్తలేనని చెప్పమని. మొన్న డాక్టరుగారు ఎత్తమనగానే ఈ మహాతల్లి ఎత్తేసింది! అదేంటే అంటే, అంత పెద్దాయన ఎత్తమంటే ఎత్తకుండా ఉంటామా అంటది."

నేనూ ఎత్తమన్నాను. రత్తమ్మ పళ్ళు బిగించి, ఒళ్ళంతా ఎడమవైపు వాల్చి, భుజాన్ని చెవి దాకా ఎగదోసి, ఒక్క ఊపులో చెయ్యి పైకి విసిరింది. నిజమే, తలపైకి వెళ్ళింది. ఒక క్షణం నిలిచి టపీమని పడిపోయింది. పై పెదవి మీద చెమట పట్టింది.

"నొప్పి పుడితే ఆపమని చెప్పాను కదమ్మా?"

"మీరు ఎత్తమన్నారు కదండీ."

ఏం చెప్పమంటారు! నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కోపమూ వచ్చింది. ఆమె మీద కాదు. మాట వినడం వేరు, చెయ్యగలగడం వేరు. మన కూలిజనం చేత డాక్టరు, పోలీసు, మేస్త్రీ ఏ పనైనా ఒక్కసారి చేయించగలరు. ఒక్కసారి చేసింది కాబట్టి రోజంతా చేస్తుందని రాస్తే అది వైద్యం ఎట్లా అవుతుంది?

ఇక మళ్ళీ తలపైకి ఎత్తమనలేదు. టేపు పెట్టి రెండు భుజాలూ కొలిచాను, కుడి భుజం కండ కరిగిపోయి ఉంది. ఆమె కండరాలు వదులు చేసి పడుకున్నప్పుడు నా చేత్తో మెల్లగా ఎత్తి చూశాను, నొప్పి లేనంతవరకే తనంతట తాను ఎత్తినప్పుడు ఎంతదాకా వస్తోందో చూశాను, ఒళ్ళు వాల్చకుండా పట్టుకుని మళ్ళీ చూశాను. స్కాన్ చూశాను. భుజాన్ని లేపే కండరం ఎముకకి అతుక్కునే చోట తెగి ఉంది. అరచేతులు తిప్పి చూస్తే ఎడమ చేతికి కొత్త కాయలు కాశాయి, కుడి అరచెయ్యి మెత్తబడిపోయింది. అరచేతికి నటించడం రాదు.

ఇద్దరికీ నచ్చని రిపోర్టు

నేను ఆమె తరఫు మనిషినని అనుకోకండి. ఆమె లాయరు నా గదికి వచ్చి, చెయ్యి పూర్తిగా పోయిందని రాయమన్నాడు. "పాపం పేదది మేడమ్, కాస్త ఎక్కువ రాస్తే మీ సొమ్మేం పోతుంది?" అన్నాడు. చెయ్యి పోలేదని చెప్పాను. ఆమె పిడికిలి గట్టిగా ఉంది, వేళ్ళు చక్కగా కదులుతున్నాయి, మోచెయ్యి బాగుంది. చెంబు కూడా పట్టుకోలేకపోతోందని అతను పిటిషన్‌లో రాశాడు, నా ముందే రత్తమ్మ చెంబుతో నీళ్ళు తాగింది. ఆ సంగతీ రిపోర్టులో రాశాను. అతను మొహం మాడ్చుకుని వెళ్ళాడు. జాలిపడి ఎక్కువ రాస్తే కోర్టులో ఆ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం రిపోర్టుని చించేస్తారు, నష్టపోయేది మళ్ళీ ఆ పేదమనిషే.

అలాగే చెయ్యి ఎంత శాతం పోయిందన్నది ఒక ప్రశ్న, ఆ చేత్తో బతికే మనిషికి పని ఎంత పోయిందన్నది ఇంకో ప్రశ్న. రెండోది తేల్చాల్సింది జడ్జిగారే. కానీ ఆ పనికి చెయ్యి ఎట్లా వాడాలో డాక్టరు రాసివ్వకపోతే ఆయన గాల్లోంచి తేల్చాలా? మా తమ్ముడు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. అదే భుజం అతనికి పోతే బోర్డు మీద కాస్త కింద రాసుకుంటాడు. రత్తమ్మ నిండు ట్రేని ఛాతీ ఎత్తుకి లేపి, అక్కడి నుంచి వ్యాన్ మీదున్న మనిషికి అందివ్వాలి, పొద్దుగూకేదాకా. ఇది రాశాను. ఆ పని ఇక ఆమె వల్ల కాదని రాశాను. కూర్చుని చేసే తేలిక పని, చేతులు కిందనే పెట్టుకుని చేసేది, చెయ్యగలదనీ రాశాను.

దాంతో పాటు ఒక పేరా చేర్చాను. ‘బాగానే ఉన్నాను’ అనేది ఈ ప్రాంతంలో పలకరింపుకి ఇచ్చే మర్యాదపూర్వకమైన జవాబు, దాన్ని రోగలక్షణాల గురించి ఇచ్చిన వివరంగా తీసుకోకూడదు, శుభ్రమైన చీర ఆమె సొంతంగా కట్టుకున్నది కాదు అని.

మేనేజరు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి నవ్వు లేదు. "మేడమ్, మీరు బోన్స్ స్పెషలిస్టు. భాష గురించి పేరా ఎందుకండీ? మేము అడిగిన ప్రశ్నకి జవాబు ఇస్తే చాలు. ఆ పేరా తీసేసి మళ్ళీ సంతకం చేసి పంపండి."

"మొదటి రిపోర్టులో ఆ మాట రాసింది కూడా బోన్స్ స్పెషలిస్టేనండీ. అప్పుడు భాష ఎందుకని మీరు అడగలేదే?"

"అది వేరు మేడమ్."

"వేరు కాదు. ఇంకో సంగతి వినండి. మార్చమంటే మారుస్తాను. ఏ రోజున ఎవరు ఏ పేరా తీసేయమన్నారో కూడా కింద రాసి సంతకం చేస్తాను. పంపించమంటారా?"

"అక్కర్లేదు మేడమ్" అని పెట్టేశారు. నేనన్న ఆ చివరి మాట మీరు నోటికి నేర్చుకోండి, చాలా చోట్ల పనికొస్తుంది. కొలతలో తప్పుంటే దిద్దండి, ఏం తప్పులేదు. అభిప్రాయాన్ని మార్చమంటే మాత్రం మార్చమన్నవాడి పేరు కూడా రిపోర్టులోకి రావాల్సిందే.

బోనులో

కంపెనీ నా రిపోర్టుని ఒప్పుకోలేదు. తన ప్యానెల్ డాక్టర్నే తప్పుపడుతూ నన్ను క్రాస్ ఎగ్జామినేషన్‌కి పిలిపించింది. కంపెనీ లాయరు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతారు, అందరితోనూ మర్యాదగా ఉంటారు. కోర్టు పని లేనప్పుడు తన తోటలోనే ఉంటారు. విస్సన్నపేట రోడ్డులో ఆయనకి బంగినపల్లి తోట ఉందని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ రోజు హాల్లో వెనక బెంచీ మీద రత్తమ్మ, సుబ్బులు కూర్చున్నారు.

"డాక్టరుగారూ, బాగానే ఉన్నానని ఆమె మొదటి డాక్టరుగారికి చెప్పిందా లేదా?" అని మొదలుపెట్టారు లాయరుగారు.

"చెప్పింది. నాకూ చెప్పింది."

"మీకూ చెప్పిందా! అయినా మీరు బాగాలేదని రాశారు."

"అది పలకరింపుకి జవాబండీ. పరీక్షకి జవాబు టేపూ స్కానూ చెప్పాయి. రిపోర్టులో ఉంది."

"నేనడిగింది అది కాదు. బాగానే ఉన్నానంది. అవునా కాదా? ఒక్క మాటలో చెప్పండి."

"ఒక్క మాటలో చెబితే అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పనని ఇందాకే ప్రమాణం చేశాను."

జడ్జిగారు వివరించనివ్వమన్నారు. వివరించాను. లాయరుగారు ఓపిగ్గా విని, చిన్నగా నవ్వి, వెనక్కి తిరిగారు. "ఏమ్మా రత్తమ్మా, ఎట్టా ఉన్నావు?" అని పలకరించారు.

రత్తమ్మ గబుక్కున లేచి నిలబడింది. "బాగానే ఉన్నానండయ్యా. తమరు బాగున్నారాండీ?"

హాలంతా నవ్వింది. సుబ్బులు తల కొట్టుకుంది. లాయరుగారు జడ్జిగారి వైపు రెండు చేతులూ చాపి, "ఇంకేం కావాలండీ?" అన్నట్టు నిలబడ్డారు. ఆ నవ్వు వింటుంటే నా ఒళ్ళు భగ్గుమంది. తనకి రావాల్సినదాన్ని కాదనడానికి నిలబడ్డ మనిషి క్షేమం అడిగింది ఆవిడ. దానికా వీళ్ళు నవ్వుతున్నారు?

"లాయరుగారూ, తమకి తోట ఉంది కదా" అన్నాను బోనులోంచి. "కోతలు మొదలవుతున్నాయి. ఈవిడ బాగానే ఉందని మీరు నమ్మితే మీ తోటలో పెట్టుకోండి. ట్రేలు వ్యాన్ ఎక్కిస్తుంది."

"డాక్టరుగారూ!" అన్నారు జడ్జిగారు కటువుగా. "ఇక్కడ ప్రశ్నలు అడిగేది వారు. మీరు జవాబులు చెప్పండి, చాలు."

క్షమించమన్నాను. ఆ క్షమాపణ కోర్టుకి చెప్పాను, ఆయనకి చెప్పలేదు. నేను అన్నది ఎత్తిపొడుపని హాల్లో అందరికీ తెలుసు. రత్తమ్మకి తెలియలేదు. ఆమె ఇంకా నిలబడే ఉంది. మొహం వెలిగిపోయింది. బెంచీ దాటుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"వస్తానండయ్యా! ఎప్పుడు రమ్మంటారండీ?"

ఆమె లాయరు బెంబేలెత్తిపోయి కూర్చోమని సైగ చేశాడు. ఆమె అతన్ని చూడటమే లేదు. కంపెనీ లాయరుగారు ఆమె వైపు తిరిగారు. ఒక్క క్షణం ఆయన కోర్టులో లేరు, తన తోటలో ఉన్నారు, కోతల ముందు ముఠాని ఎంచుకుంటూ ఏటా చూసినట్టే ఆ భుజం వంక చూశారు.

"ఆ చేత్తో ట్రేలు ఎట్టా ఎత్తుతావమ్మా నువ్వు?" అనేశారు.

అన్నాక గానీ ఆయనకి తెలియలేదు. కాగితాల్లోకి తల దించుకున్నారు. జడ్జిగారు స్టెనో వైపు తిరిగి, ఆ మాట ఉన్నదున్నట్టు రాయమన్నారు. తర్వాత తీర్పు రత్తమ్మ వైపే వచ్చింది. అందులో నా కొలతలున్నాయి, చీర సంగతి ఉంది, లాయరుగారి మాట కూడా ఉంది.

అప్పటికి అవేవీ ఆమెకి తెలియవు. పెద్దాయన తనకి పని లేదంటున్నారని మాత్రమే అర్థమైంది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి, బతిమాలుతున్నట్టు కాకుండా, బేరం ఇంకా అయిపోలేదన్నట్టుగా అడిగింది.

"ట్రేలు వద్దులేండయ్యా. కూర్చుని ఎడం చేత్తో కాయలు తుడుస్తాను."